మేపుల్ సిరప్: నీళ్లు వదిలించుకున్న చరిత్ర

ఉత్తర అమెరికా ఈశాన్య భాగపు అడవుల్లో, చలికాలం వెళ్లి వసంతం ఇంకా రాని ఆ నాలుగైదు వారాల సంధికాలంలో, మేపుల్ చెట్టు మాను నుంచి కారే రసాన్ని మరగకాచి తీసే పాకం మేపుల్ సిరప్. ప్రపంచంలో తయారయ్యే సిరప్‌లో ముప్పాతిక భాగం పైచిలుకు కెనడాది. అందులో పదింట తొమ్మిది వంతులు క్యుబెక్ రాష్ట్రానివే. మిగిలినది దాదాపు అంతా అమెరికాది; ఆ దేశపు ఉత్పత్తిలో సగం దాకా వెర్మాంట్ ఒక్కటే ఇస్తుంది. చెట్టు నుంచి అప్పుడే పట్టిన రసానికి రంగు ఉండదు, వాసన ఉండదు, తీపి తగిలీ తగలనట్టు ఉంటుంది. అందులో చక్కెర 2 శాతం అటూ ఇటూ. సీసాలోకి వెళ్లే సిరప్‌లో 66 శాతం. కనుక 1 లీటరు సిరప్ కావాలంటే సుమారు 40 లీటర్ల రసం పట్టాలి, 39 లీటర్ల నీళ్లు ఏదో ఒక దారిన వదిలించుకోవాలి. చెట్టు అందం గురించీ, కెనడా జెండా మీది ఆకు గురించీ, రుచి గురించీ చాలా మంది చాలా రాశారు. ఈ పదార్థం ఎక్కడ పుట్టింది, ఏ రూపంలో అమ్ముడైంది, ఎంత ధర పలికింది, ఎవరి చేతుల్లోకి వెళ్లింది అన్నవన్నీ మాత్రం ఆ 39 లీటర్లను ఎవరు ఎంత సులువుగా వదిలించుకోగలిగారన్న దాని మీదే ఆధారపడ్డాయని ఇక్కడి వాదన.

ముందుగా రసం సంగతి. ఈ పనికి ప్రధానమైన చెట్టు షుగర్ మేపుల్, శాస్త్రీయ నామం ఏసర్ సకారమ్. నల్ల మేపుల్, ఎర్ర మేపుల్ చెట్ల నుంచి కూడా రసం తీస్తారు. వేసవిలో ఆకులు తయారు చేసిన ఆహారాన్ని చెట్టు మానులో పిండి పదార్థంగా దాచుకుంటుంది. చలి ముదిరాక అందులో కొంత సుక్రోజ్‌గా మారి దారువులోని నీటిలో కలుస్తుంది. రసం కారడానికి రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి పోవాలి, పగలు సున్నా దాటాలి. చాలా జాతుల చెట్లలో దారువులోని తంతు కణాలు నీటితో నిండి ఉంటే, మేపుల్‌లో అవి వాయువుతో నిండి ఉంటాయి. రాత్రి ఆ కణాల్లో మంచు గడ్డ కట్టేటప్పుడు పక్క నాళాల్లోని నీటిని లాక్కుంటుంది, లోపలి వాయువు ఒత్తుకుపోయి మంచు కింద చిక్కుకుంటుంది, ఆ లాగుడుకు వేళ్ల నుంచి కొత్త నీరు పైకి వస్తుంది. పొద్దున ఎండ తగిలి మంచు కరగగానే వాయువు వ్యాకోచించి నీటిని వెనక్కి నెడుతుంది. మానులో పీడనం బయటి గాలి పీడనాన్ని మించుతుంది. ఎక్కడ చిన్న రంధ్రం ఉన్నా రసం బొట్లు బొట్లుగా రాలుతుంది. 1980ల్లో మెల్విన్ టైరీ వంటి వృక్ష శరీరధర్మ శాస్త్రజ్ఞుల ప్రయోగాలు ఈ వివరణకు రూపం ఇచ్చాయి. సుక్రోజ్ కూడా ఊరికే తీపి కోసం ఉన్నది కాదనీ, అది కలిగించే ద్రవాభిసరణ వల్లే ఆ పీడనం గంటల తరబడి నిలుస్తుందనీ అవే తేల్చాయి. జూలైలో అదే చెట్టుకు అదే రంధ్రం పెడితే చుక్క రాదు. ఆకుల నుంచి నీరు ఆవిరయ్యే కాలంలో నాళాలు నీటిని లోపలికి పీలుస్తాయే గానీ బయటికి తొయ్యవు.

అయితే గొప్పతనమంతా చెట్టుదే, వాతావరణానిదే కదా, నీళ్లు తీసే పనికి అంత పెద్దపీట ఎందుకు అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి సమాధానం ఈ అడవుల బయట దొరుకుతుంది. కొరియా దక్షిణాది కొండల్లో గోరోసే అనే మేపుల్ జాతి చెట్టు ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడా రాత్రి గడ్డకట్టి పగలు కరిగే వాతావరణమే. శతాబ్దాలుగా అక్కడి వాళ్లు ఆ రసం పట్టి ఒంటికి మంచిదని పచ్చిగానే తాగుతున్నారు. కాచి పాకం తీసే వృత్తి అక్కడ పెరగలేదు. యూరప్‌లోనూ మేపుల్ జాతులున్నాయి, ఇనుప పాత్రలున్నాయి, చక్కెర కోసం ఆరాటమూ ఉంది. అయినా వాళ్లు చివరికి బీట్ దుంప వైపు వెళ్లారు, ఎందుకంటే దుంపలో చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ, నీళ్లు అంత తక్కువ. ఇక బర్చ్ చెట్టు రసం చూడండి. అందులో చక్కెర 1 శాతం దగ్గర ఉంటుంది. అలాస్కాలో దాన్నీ కాచి సిరప్ చేస్తారు గానీ 1 లీటరుకు 100 లీటర్ల పైచిలుకు రసం పోయాలి. అందుకే అది కొద్దిమంది కొనే ఖరీదైన సరుకుగానే మిగిలింది. చెట్టూ వాతావరణమూ రసాన్ని ఇస్తాయి. దాన్ని సిరప్ చేయాలా వద్దా అన్నది మాత్రం మనిషి దగ్గరున్న కట్టె, పాత్ర, తీరిక తేలుస్తాయి.

ఈ తీరిక, ఈ పాత్ర మొదట ఎవరికి దొరికాయన్న దగ్గరే పెద్ద వివాదం. మహా సరోవరాల చుట్టూ ఉండే అనిషినాబే ప్రజలు, న్యూయార్క్ ప్రాంతపు హోడెనోషోనీలు, తూర్పు తీరపు అబెనాకీలు, మిక్మాక్‌లు మేపుల్ రసం తీయడం తరతరాలుగా ఎరుగుదురు. అనిషినాబేల్లో ఒక శాఖ అయిన ఒజిబ్వే కుటుంబాలు చలికాలపు వేటస్థలాల నుంచి మార్చిలో మేపుల్ తోపులకు తరలేవి. ఒక్కో తోపు మీద ఒక్కో కుటుంబానికి హక్కు ఉండేది. పని నడిపేది ఎక్కువగా ఆడవాళ్లు. బర్చ్ బెరడును మడిచి, వేరుపీచుతో కుట్టి, కీళ్లకు జిగురు పూసి చేసిన దొన్నెల్లో రసం పట్టేవారు. వాళ్ల పురాణ కథల్లో ఒకదాని ప్రకారం ఒకప్పుడు చెట్టు నుంచి నేరుగా చిక్కని పాకమే కారేదట. జనం చెట్ల కింద నోరు తెరుచుకుని పడుకుని సోమరులైపోతే, ఆ కథల నాయకుడు నానాబోజో దాన్ని నీళ్లు పోసి పలచన చేశాడట. అప్పటి నుంచి కాచుకోక తప్పలేదు. కథ కథే గానీ, అసలు కష్టం ఎక్కడుందో అది చెప్పినవాళ్లకు బాగా తెలుసు.

పురావస్తు శాస్త్రజ్ఞుల్లో మాత్రం దీని మీద ఏకాభిప్రాయం లేదు. 1980ల్లో కెరోల్ మేసన్ గట్టిగా ఒక వాదన చేసింది: యూరోపియన్లు తెచ్చిన రాగి, ఇనుప కాగులు రాకముందు స్థానిక ప్రజలు మేపుల్ చక్కెర చేశారనడానికి రుజువు లేదు, అంత రసాన్ని గంటల తరబడి మరిగించే శక్తి మట్టికుండలకు ఉండదు, తొలినాటి యాత్రికుల రాతల్లో చక్కెర ప్రస్తావన కనబడదు. ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. ఫ్రెంచి రచయిత మార్క్ లెస్కార్బో 1609లో చెట్టు రసం గురించి రాశాడు గానీ దాన్ని పానీయంగానే చెప్పాడు. కానీ మేసన్ వాదనకు ఎదురు సాక్ష్యాలూ ఉన్నాయి. మార్గరెట్ హోల్మన్, క్యాథ్రిన్ ఈగన్ పాత పద్ధతుల పాత్రలతో రసం కాచి చూసి 1985లో ఆ ఫలితాలు ప్రచురించారు; లోహం లేకుండానూ పని సాగుతుందని అవి చూపాయి. ఎర్రగా కాల్చిన రాళ్లను రసంలో వేస్తే బెరడు దొన్నె కాలకుండానే రసం మరుగుతుంది. అసలు నిప్పే లేని దారి మరొకటి ఉంది. రాత్రి దొన్నెలో రసం పైన గడ్డకట్టే మంచు దాదాపు వట్టి నీరే, చక్కెరంతా కింది ద్రవంలోనే మిగులుతుంది. పొద్దున్నే ఆ మంచుపలక తీసి పారేస్తే సగం పని అయినట్టే. రసం కారించే చలే రసాన్ని చిక్కబరుస్తుందన్నమాట. లండన్ రాయల్ సొసైటీ పత్రికలో 1680ల్లో వచ్చిన ఒక చిన్న వ్యాసం, కెనడా స్థానికులు ఇప్పుడు బతికున్న వాళ్లెవరికీ జ్ఞాపకం లేనంత కాలంగా ఈ పని చేస్తున్నారని రాసింది. 17వ శతాబ్దంలో వచ్చిన కాగుల నుంచి నేర్చిన విద్య అయితే ముసలివాళ్లకైనా ఆ మొదలు గుర్తుండాలి. యాత్రికుల మౌనానికి అంత విలువ ఇవ్వనక్కర్లేదు. మార్చి నెలలో లోపలి అడవుల్లో ఏం జరుగుతోందో తీరంలో ఓడలు దిగినవాళ్లకు ఎలా తెలుస్తుంది? నా అంచనా ఇది: రసం తాగడం, దాన్ని పాకంగా చిక్కబరచడం లోహపు కాగుల కన్నా పాతవి. ఏడాదికి సరిపడా గట్టి చక్కెరను పెద్ద ఎత్తున చేసుకోవడం కాగులు వచ్చాక బాగా విస్తరించింది. ఈ విధంగా చెబితే రెండు పక్షాల సాక్ష్యాలూ ఇముడుతాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ రోజుల్లో జనం చేసింది సిరప్ కాదు, చక్కెర. పాకం నిలవ ఉంచడానికి మూత బిగించే డబ్బాలు లేవు. పులిసిపోకుండా ఉండాలంటే మిగిలిన నీళ్లు కూడా తీసేసి అచ్చులు పోయాలి, లేదా తెడ్డుతో కలియబెట్టి పొడి చేయాలి. ఆ పొడిని బెరడు పెట్టెల్లో పోసి ఏడాది పొడుగునా మాంసంలో, చేపల్లో, అడవి ధాన్యంలో రుచికి వేసుకునేవారు. వలస వచ్చిన ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఈ విద్యను స్థానికుల దగ్గరే నేర్చుకున్నారు. 18వ శతాబ్దం ఆరంభంలో మాంట్రియల్‌లో ఆగాత్ ద సాంపేర్ అనే వ్యాపారవేత్త మేపుల్ చక్కెరను సరుకుగా మార్చిన తొలివారిలో ఒకరని చెబుతారు. స్వీడన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు పేర్ కామ్ ఉత్తర అమెరికా తిరిగి వెళ్లి, చెట్ల నుంచి చక్కెర తీసే పద్ధతి మీద 1751లో తమ అకాడమీకి ఒక వ్యాసమే రాసిపెట్టాడు.

అమెరికా స్వతంత్రమయ్యాక ఈ చక్కెరకు రాజకీయం అంటుకుంది. వెస్టిండీస్ చెరకు తోటలు బానిసల శ్రమ మీద నడుస్తున్నాయి. అదే తీపి అడవిలో స్వేచ్ఛగా ఉన్న రైతు చేతి మీదుగా వస్తే ఆ తోటలతో పనే ఉండదు. ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ ఈ మాట మీద 1791లో థామస్ జెఫర్సన్‌కు ఒక దీర్ఘ లేఖ రాసి అచ్చు వేయించాడు. జెఫర్సన్ ఉత్సాహపడి వర్జీనియాలోని మాంటిచెల్లోలో మేపుల్ మొక్కలు నాటించాడు, అవి చాలా వరకు దక్కలేదు. ఆశయం గొప్పది, లెక్క మాత్రం కుదరలేదు. చెరకు రసంలో చక్కెర మేపుల్ రసంలో కన్నా ఆరేడు రెట్లు ఎక్కువ. అంటే అంతే చక్కెరకు చెరకు వ్యాపారి వదిలించుకోవలసిన నీళ్లు ఎంతో తక్కువ. పైగా చెరకు పిప్పే వంటచెరకు. ఉత్తరాది రైతుకు కట్టె చవక, చలికాలపు తీరిక ఉచితం కాబట్టి 19వ శతాబ్దం మధ్య దాకా మేపుల్ చక్కెర నిలదొక్కుకుంది; బానిసత్వాన్ని వ్యతిరేకించే కుటుంబాలు పట్టుదలగా అదే కొన్నాయి. ఆ శతాబ్దం చివర్లో శుద్ధి చేసిన చెరకు చక్కెర ధర పడిపోయింది. 1890 నాటి సుంకాల చట్టం ముడి చక్కెర దిగుమతి మీద పన్ను తీసేశాక ఇక పోటీ ఏముంది? వట్టి తీపి అమ్మి బతకలేమని తేలింది. అప్పుడు రైతులు పాకం దశలోనే ఆపి, రేకు డబ్బాల్లో మూసి, తీపికి కాక రుచికి ధర అడగడం మొదలుపెట్టారు. ఇవాళ మనం సంప్రదాయం అనుకుంటున్న సిరప్ రూపం ఆ ఓటమి నుంచి వచ్చినది. ఆ రుచికి గిరాకీ ఉందని గ్రహించిన వాళ్లు కల్తీకీ దారి వేశారు. 1887లో మిన్నెసోటాలో మొదలైన లాగ్ క్యాబిన్ సిరప్ మేపుల్‌కు చెరకు పాకం కలిపి తక్కువ ధరకు అమ్మడంతోనే పేరు తెచ్చుకుంది.

కాచే పని దగ్గరికి వెళ్తే ఇదంతా కళ్లకు కడుతుంది. షుగర్ హౌస్ అంటే కప్పు మీద ఆవిరి పోవడానికి తలుపుల్లాంటి కిటికీలున్న షెడ్డు. లోపల పొడవాటి పొయ్యి, దాని మీద అడుగున గాడులు పెట్టిన వెడల్పాటి స్టీలు పళ్లెం. పచ్చి రసం ఒక కొసన ఎడతెగకుండా దిగుతుంటుంది. చిక్కబడే కొద్దీ అరల గుండా రెండో కొస వైపు సాగుతుంది. నురుగు పొంగి పొర్లబోతే చిటికెడు వెన్న వేస్తారు, అంతటి నురుగూ క్షణంలో అణిగిపోతుంది. పూర్వం పళ్లెం పైన పంది కొవ్వు ముక్క వేలాడదీసేవారు. నురుగు దానికి తగిలి తనంతట తానే కుంగేది. పాకం అయిందో లేదో చూడటానికి వెడల్పాటి గరిటె ముంచి పక్కకు వంచుతారు. బొట్లుగా రాలితే ఇంకా లేతది. అంచున కలిసి పలకలా జారితే దిగినట్టు. ఇప్పుడు హైడ్రోమీటరు, థర్మామీటరు ఉన్నాయి: నీళ్లు మరిగే ఉష్ణోగ్రత కన్నా సుమారు 4 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ చేరితే చక్కెర 66 శాతం దాటినట్టు లెక్క. అంతకు తక్కువైతే సీసాలో పులుస్తుంది, 68 దాటితే అడుగున కలకండలా స్ఫటికాలు కడతాయి. రెండు మూడు శాతాల ఇరుకు సందులో ఆపగలగడమే పనివాడి నేర్పు. చివరగా రసంలోని ఖనిజాలు ఇసుకలా తేలతాయి, వాటిని వేడి మీదే వడగట్టాలి.

ఈ పనికి ఎంత వేడి ఖర్చవుతుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. మంచు చల్లదనంలో ఉన్న 40 లీటర్ల రసాన్ని మరుగుదాకా తెచ్చి, 39 లీటర్ల నీటిని ఆవిరి చేయడానికి, ఎక్కడా వేడి వృథా కాకపోయినా, కరెంటు లెక్కలో 29 యూనిట్లు కావాలి. బహిరంగ పొయ్యిలో కట్టె వేడి చాలా భాగం గాలికి పోతుంది కనుక అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. చక్కెర శాతం కొంచెం మారినా ఖర్చు ఎంత మారుతుందో చెప్పడానికి వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో పుట్టిన జోన్స్ సూత్రం ఒకటుంది: 86ను రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే, ఒక పాలు సిరప్‌కు ఎన్ని పాళ్ల రసం కావాలో వస్తుంది. 2 శాతమైతే 43, 3 శాతమైతే 29 లోపే. అందుకే గత నూట యాభై ఏళ్లలో ఈ వృత్తిలో వచ్చిన పెద్ద మార్పుల్లో చాలా వరకు ఈ ఖర్చు మీదో, శ్రమ మీదో చేసిన దాడులే. కాగు పోయి వెడల్పాటి పళ్లెం వచ్చింది, పళ్లెం అడుగున గాడులు వచ్చాయి. 1959లో వెర్మాంట్‌కు చెందిన నెల్సన్ గ్రిగ్స్ ప్లాస్టిక్ గొట్టాల వ్యవస్థకు పేటెంట్ తీసుకున్నాడు. మంచులో మోకాలి లోతున బకెట్లు మోసే పని తగ్గి, రసం చెట్టు నుంచి షెడ్డుకు తానే నడిచి వచ్చింది. తరువాత ఆ గొట్టాలకు వాక్యూమ్ పంపులు తగిలించారు. అన్నిటికన్నా పెద్ద మార్పు 1970ల నుంచి వ్యాపించిన రివర్స్ ఆస్మోసిస్. మన ఊళ్లలో మంచినీళ్ల ప్లాంట్లు నడిపే ఆర్వో యంత్రమే ఇది, కాకపోతే తలకిందులు: ఇక్కడ నీళ్లు ఉంచుకుని లవణాలు పారేస్తాం, అక్కడ తీపి ఉంచుకుని నీళ్లు పారేస్తారు. 2 శాతం రసాన్ని యంత్రం 8 శాతానికి తెస్తే 40 లీటర్లు 10 లీటర్లవుతాయి. 30 లీటర్లు పొయ్యి ఎక్కకుండానే పోతాయి. ఇప్పటి యంత్రాలు అంతకు రెండు మూడు రెట్లు కూడా చిక్కబరుస్తాయి.

ఇక్కడే పాతతరం వాళ్ల అభ్యంతరం: పొయ్యి మీద తక్కువసేపు ఉంటే రుచి ఎక్కడిది? ఇందులో నిజం లేకపోలేదు. సిరప్ రంగూ వాసనా పచ్చి రసంలో లేవు, మరిగేటప్పుడే పుడతాయి. రోడ్ ఐలాండ్ విశ్వవిద్యాలయపు నవీంద్ర సీరమ్ బృందం 2011లో క్యుబెకాల్ అని పేరు పెట్టిన పదార్థం కూడా రసంలో కనబడదు, కాచిన తరువాతే ఏర్పడుతుంది. కానీ రుచిని నిర్ణయించేది మరిగిన గంటలు మాత్రమే కాదు. ఎండలు ముదిరే కొద్దీ రసంలో సూక్ష్మజీవులు చేరి సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడతాయి. ఆ సాదా చక్కెరలు త్వరగా మాడి రంగు ఎక్కుతాయి. సీజను మొదట్లో సిరప్ బంగారు రంగులో, చివర్లో కాఫీ రంగులో ఉండటానికి ముఖ్య కారణం అదే. వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి అండర్‌హిల్‌లో ఉన్న ప్రాక్టర్ మేపుల్ పరిశోధన కేంద్రం ఒకే రసాన్ని వేర్వేరు సాంద్రతలకు చిక్కబరచి కాచి పోల్చి చూసింది; రుచిలో జనం గుర్తుపట్టగలిగేంత తేడా కనబడలేదు. కట్టెల పొయ్యి సిరప్‌కు ఎక్కువ ధర పెట్టేవాళ్లు ఆ దృశ్యానికి పెడుతున్నారు. అందులో తప్పేమీ లేదు గానీ, నాలుక పేరు చెప్పడం ఎందుకు?

మరో అభ్యంతరం చెట్టు తరఫున. రంధ్రం 8 మిల్లీమీటర్ల వెడల్పు, 4, 5 సెంటీమీటర్ల లోతు. మాను వ్యాసం 25 సెంటీమీటర్లన్నా లేనిదే తొలచరు. అంత లావు కావడానికి చెట్టుకు సుమారు 40 ఏళ్లు పడుతుంది. చెట్టు ఆ గాయానికి పైనా కిందా కొంత మేర దారువును మూసేసుకుంటుంది, అక్కడ మళ్లీ రసం నడవదు. కనుక ఏటా కొత్త చోటు వెతకాలి, చెట్టు ఏటా కొత్త కలప వేయాలి. ఈ రెండూ సరితూగినంత కాలం ఒకే చెట్టు తరాల తరబడి రసం ఇస్తుంది. తూగని చోట చెట్టు క్షీణిస్తుంది. ఆశ మించినప్పుడు ఏమవుతుందో చరిత్రలో ఉంది: రంధ్రం త్వరగా పూడుకోకుండా 1960ల నుంచి కొందరు పారాఫార్మాల్డిహైడ్ బిళ్లలు పెట్టారు. రసం పెరిగింది, గాయం కుళ్లడం కూడా పెరిగింది. చివరికి వాటిని నిషేధించారు. 2013లో ప్రాక్టర్ కేంద్రం ఇంకో ఆశ్చర్యం బయటపెట్టింది. పిల్ల చెట్టు తల నరికి, మోడుకు వాక్యూమ్ తగిలిస్తే రసం వస్తుందట. అడవి అక్కర్లేదు, చేను చాలు. ఆ పద్ధతి వ్యాపారంగా ఇంకా నిలదొక్కుకోలేదు. నిలదొక్కుకుంటే మాత్రం అడవికీ సిరప్‌కూ ఉన్న పాత బంధం తెగుతుంది.

క్యుబెక్ ఆధిపత్యానికి కారణం చలీ చెట్లూ కావు, ఉత్పత్తిదారుల సంఘం చేతిలోని గుత్తాధికారమే అనేవాళ్లున్నారు. 1966లో పుట్టిన ఆ సమాఖ్య 2000లో వ్యూహాత్మక నిల్వ మొదలుపెట్టింది. 2004 నుంచి ఎవరెంత చేయాలో కోటాలు కట్టింది. టోకు అమ్మకం దాని ద్వారానే జరగాలి. ఎదురు తిరిగిన రైతులు కోర్టులకెక్కారు, కొందరు సరిహద్దు దాటించి అమ్ముకున్నారు. విమర్శ సబబే. కానీ ఆ నిల్వ ఎందుకు అవసరమైంది? 2022లో క్యుబెక్ 21 కోట్ల పౌండ్లకు పైగా సిరప్ తీసింది. మరుసటి ఏడు వాతావరణం అనుకూలించక 12.4 కోట్లకు పడిపోయింది. 2024లో మళ్లీ 23.9 కోట్లు. ఒక్క పది రోజుల ఎండ మొత్తం ఏడాది పంటను తారుమారు చేసే చోట, మంచి ఏటి సరుకును చెడ్డ ఏటికి దాచక తప్పదు. పాలు, పండ్ల వంటి వాటితో సాధ్యం కానిది ఇక్కడ సాధ్యం కావడానికి కారణం నీళ్లు తీసేయడమే: శుద్ధి చేసి పీపాల్లో మూసిన సిరప్ ఏళ్ల తరబడి చెడదు. ధరను పైన నిలబెట్టే సంఘం నీడలో కోటాలు లేని వెర్మాంట్ రైతులు కూడా హాయిగా విస్తరించారన్నది విమర్శకులు చెప్పని సంగతి. ఆ నిల్వ విలువ ఎంతటిదో 2012 వేసవిలో లోకానికి తెలిసింది. సాంలూయి ద బ్లాండ్‌ఫోర్డ్‌లోని గోదాములో తనిఖీకి వెళ్లిన వ్యక్తి పీపాల గుట్ట ఎక్కుతుంటే ఒకటి ఊగింది. నిండు పీపా 280 కిలోల దాకా తూగుతుంది, ఊగే ప్రశ్నే లేదు. తీసి చూస్తే ఖాళీ. సుమారు 3,000 టన్నుల సిరప్, 1.8 కోట్ల కెనడా డాలర్లకు పైగా విలువైనది, నెలల తరబడి దొంగలు తోడుకుపోయారు. మొదట్లో బరువు తెలియకుండా పీపాల్లో నీళ్లు నింపి పెట్టారు కూడా. ఊరంతా కష్టపడి తీసేసిన నీళ్లను దొంగలు తిరిగి పోశారన్నమాట.

ముందున్న చిక్కు వాతావరణం. సున్నా దగ్గర ఊగే రోజులు ఇప్పుడు ముందుగా వస్తున్నాయి, చాలా చోట్ల తక్కువ రోజులు నిలుస్తున్నాయి. జనవరిలోనే చెట్లు తొలచవలసి వస్తున్న తోపులున్నాయి. అమెరికా దక్షిణపు కొసన ఉన్న తోపులకు ఇది గట్టి దెబ్బ, క్యుబెక్ ఉత్తర భాగానికి కొంత కాలం లాభం కూడా కావచ్చు. వాక్యూమ్ పంపులు, ఆర్వో యంత్రాలు ఇప్పటిదాకా ఈ నష్టాన్ని కప్పిపుచ్చాయి. చక్కెర శాతం తగ్గినా, కారే రోజులు తగ్గినా, రసం ఎక్కువ లాగి నీళ్లు చవకగా తీసేయగలిగితే దిగుబడి నిలబడుతుంది. కానీ రాత్రి గడ్డకట్టని చెట్టులో ఏ పంపూ పెద్దగా ఏమీ లాగలేదు. యంత్రం నీళ్లను వదిలించగలదు, చలిని తెచ్చిపెట్టలేదు.

కొనేవాళ్లకు రెండు ముక్కలు. 2015 ప్రాంతంలో అమెరికా, కెనడాలు వర్గీకరణను కలిపేశాయి. చిల్లరగా అమ్మే మంచి సిరప్ అంతా ఇప్పుడు గ్రేడ్ ఏ. బంగారు, తేనె, ముదురు, మరీ ముదురు రంగులు రుచి ఘాటును చెబుతాయే గానీ నాణ్యతను కాదు. లేత రంగు పాన్‌కేక్‌ల మీదికి, ముదురు రంగు వంటలోకి బాగుంటుంది. హైదరాబాద్, విజయవాడ సూపర్ మార్కెట్లలో పాన్‌కేక్ సిరప్ అనీ, మేపుల్ ఫ్లేవర్ అనీ చవకగా దొరికేవాటిలో చాలా వరకు మొక్కజొన్న పాకమో, చక్కెర పాకమో, దానికి రంగూ వాసనా కలిపినవి. సీసా వెనక పదార్థాల పట్టీ చదవండి. మేపుల్ సిరప్ అన్న ఒక్క పేరు తప్ప ఇంకేమన్నా ఉంటే అది వేరే సరుకు. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టండి, బయట ఉంచితే బూజు పడుతుంది.